చెమటను ఎవరు చదువుతున్నారు? – లో షుగర్‌ను పసిగట్టే యంత్రాల మీద ఒక చర్చ

మనిషి ఒంట్లో షుగర్ పడిపోయేటప్పుడు ముందుగా కనిపించేవాటిలో చెమట ఒకటి. దాని వెంటనే చేతుల వణుకు, గుండె దడ, కడుపులో ఆకలి మంట. ఇంకా పడిపోతే మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, ఎదుట నిలబడ్డది ఎవరో పోల్చుకోవడం కష్టమవుతుంది. చివరకు స్పృహ పోతుంది. వైద్యశాస్త్రం దీనికి అంకెలు పెట్టింది. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాములకు తగ్గితే జాగ్రత్త పడాలి, 54కు తగ్గితే ప్రమాదం. అంకె ఎంతైనా సరే, ఇంకొకరి సాయం లేకుండా తేరుకోలేని స్థితి వస్తే అది తీవ్రమైన దశ. ఇవన్నీ ఏ వైద్య పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఈ లక్షణాలను ఎవరు చదువుతున్నారు, ఎవరి ఒంటి మీద చదువుతున్నారు, చదివి ఏమని అర్థం చెపుతున్నారు అనేది మా ప్రశ్న.

దళిత అధ్యయనాల పత్రికలో షుగర్ వాచీల ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. షుగర్ కూర్చొని తినేవాళ్ళ జబ్బు అనే మాట మన వాడల్లో కూడా ఇంకా వినబడుతుంది. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉన్నదని ఆ లెక్క. ఇంతమందీ కూర్చొని తినేవాళ్ళే అయితే ఈ దేశంలో నాట్లు ఎవరు వేస్తున్నట్టు? మోరీలు ఎవరు తీస్తున్నట్టు? మా చిన్నప్పుడు మా వాడలో షుగర్ గోళీ మింగే మనిషిని మేం చూడలేదు. ఇప్పుడు ఇల్లు విడిచి ఇంట్లో ఉన్నారు. వాళ్ళెవరూ పని మానలేదు. మానితే పూట గడవదు.

మా చిన్నమ్మ సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాం. 2019 వానాకాలం నాట్లు. పొద్దున ఆరింటికి చాయ తాగి, షుగర్ గోళీ వేసుకొని గుంపుతో పోయింది. గుత్త పని. ఎకరానికి ఇంత అని మాట్లాడుకున్నారు కాబట్టి ఎంత తొందరగా అయిపోతే ఇంకో మడికి అంత తొందరగా పోవచ్చు. తొమ్మిదింటికి తినాల్సిన సద్ది పదకొండు దాటినా విప్పలేదు. ఆమె పక్క వరుసలో నాటేసే మా వదినె ముందుగా గమనించింది. చిన్నమ్మ చెయ్యి వెనుకబడ్డది. వరుస వంకర పోయింది. అందరూ అందుకుంటున్న పాటను ఈమె అందుకుంటలేదు. "చిన్నత్తా, ఏమైంది?" అంటే జవాబు లేదు, చూపు ఎటో ఉంది. ఒడ్డు మీద నిలబడ్డ ఆసామి మాత్రం "పొద్దుగాల్నే ఎక్కిచ్చుకొని వచ్చిందా ఏంది" అన్నడు. వదినె ఆమెను ఒడ్డుకు తీసుకొచ్చి, చాయ కోసం తెచ్చుకున్న చక్కెరను నీళ్ళల్ల కలిపి తాపింది. మింగే సోయి ఇంకా ఉన్నది కాబట్టి సరిపోయింది. కాసేపటికి మనిషి తేరుకుంది. సద్ది తిని మళ్ళీ మడిలోకే దిగింది. గుత్త పైసలు గుంపు పంచుకుంటుంది, ఒకరు కూర్చుంటే మిగతావాళ్ళ మీద పడుతుంది గదా.

ఒకే చెమటను, ఒకే తూలుడును ఇద్దరు చదివారు. ఒకరు రోజూ పక్క వరుసలో నాటేసే మనిషి. ఆమెకు చిన్నమ్మ చెయ్యి ఎంత వేగంగా ఆడుతుందో తెలుసు కాబట్టి అది తగ్గడం కూడా తెలిసింది. ఇంకొకరు ఒడ్డు మీద నిలబడి చూసే మనిషి. ఆయనకు చిన్నమ్మ తెలియదు, ఆమె కులం తెలుసు. మాటలో ముద్ద, నడకలో తూలు కనబడగానే ఆయన దగ్గర ఒక అర్థం సిద్ధంగా ఉంది.

ఈ సిద్ధంగా ఉన్న అర్థం ఎంత దూరం పోతుందో మా పెదనాయిన విషయంలో చూశాం. ఆయన ఒక పట్నంలో పారిశుద్ధ్య కార్మికుడు, ఔట్‌సోర్సింగ్. తెల్లారగట్ల ఊడ్వబోయి రోడ్డు మీద పడిపోతే దవాఖానకు తీసుకపోయినవాళ్ళు "తాగి పడ్డడు" అని చెప్పి వదిలేసి పోయినరు. అక్కడివాళ్ళు ఆ మాటే పట్టుకున్నరు. దిగేదాక పండుకోనియ్యుండ్రి అన్నరట. వేలు గుచ్చి ఒక్క చుక్క నెత్తురు చూసేసరికి బాగా పొద్దెక్కింది. అంకె 38. పెదనాయిన తాగడని మేం అనం. తాగుతడు. ఆ కంపులకు తాగకుండ ఎవడన్న దిగుతడా అని ఆయనే అడుగుతడు. గాని ఆ పొద్దు తాగలేదు. ముందటి రాత్రి సరిగ్గ తినలేదు, గోళీ మాత్రం మరువలేదు. పైగా ఖాళీ కడుపున తాగిన మనిషికి షుగర్ పడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ అని వైద్య పుస్తకాల్లోనే ఉంది. కాబట్టి తాగిండు అన్న అనుమానం వచ్చినప్పుడు పరీక్ష వెంటనే చెయ్యాలి. ఇక్కడ అదే అనుమానం పరీక్ష చెయ్యకపోవడానికి సాకు అయింది. ఆయన బతికిండు. ఇప్పుడు పేర్లు అందవు, ఇంటికొచ్చే తొవ్వ ఒక్కోసారి మరిచిపోతడు.

ఇక యంత్రాల దగ్గరికి వద్దాం. చెమటను చదివి షుగర్ పడిపోతున్నదని చెప్పే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1980లలోనే అమెరికాలో స్లీప్ సెంట్రీ అనే పరికరం వచ్చింది. రాత్రి చేతికి కట్టుకొని పడుకోవాలి. చర్మం చెమ్మగిల్లినా, చర్మం వేడి తగ్గినా మోగుతుంది. ఉక్కపోత చెమటకూ షుగర్ పడి పట్టే చెమటకూ తేడా దానికి తెలియదు కాబట్టి ఉత్తుత్తి మోతలు తప్పవు. చల్లటి గదిలో నిద్రపోయే మనిషిని మనసులో పెట్టుకొని చేసిన వస్తువు అది.

2001లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గ్లూకోవాచ్‌కు అనుమతి ఇచ్చింది. సన్నటి కరెంటును చర్మం గుండా పంపి, లోపలి ద్రవంలోని గ్లూకోజును పైకి లాగి కొలిచే వాచీ. చర్మం ఎర్రబడి మండుతుందని వాడినవాళ్ళు మొత్తుకున్నారు. దానికంటే మాకు ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటుంది. చెమట పడితే ఆ వాచీ లెక్క చెప్పడం మానేసేది. చెమట కలిస్తే కొలత చెడుతుందని, అట్లాంటి వేళ అంకె చూపకుండా దాటవేసేట్టు దాన్ని తయారు చేశారు. ఇంజినీరు దృష్టిలో ఇది న్యాయమే, తప్పుడు అంకె కంటే అంకె లేకపోవడం మేలు. గాని షుగర్ పడిపోతే పట్టేదే చెమటాయె. దొంగ వచ్చిన గడియలోనే నోరు మూసుకునే కావలివాడన్న మాట. ఆ వాచీ కొన్నేళ్ళకే మార్కెట్లోంచి పోయింది.

ఇప్పుడు నిలదొక్కుకున్నవి జబ్బ మీద అతికించుకునే సెన్సర్లు. వెంట్రుక లాంటి తీగ చర్మం కిందికి పోయి అక్కడి ద్రవంలో గ్లూకోజును ఎంజైము సాయంతో కొలుస్తుంది. ఇట్లాంటివాటిలో మొదటిదానికి 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2014లో ఐరోపాలో ఫ్రీస్టైల్ లిబ్రే వచ్చిన తర్వాత వాడకం బాగా పెరిగింది. వీటిని మేం తక్కువ చెయ్యం. ఇన్సులిన్ మీద బతికే పిల్లల పక్కన రాత్రంతా మేలుకొని కూర్చునే తల్లులకు ఇవి కొంత నిద్రనిచ్చాయి. అయినా దాని వెంట వచ్చే కాగితం చదివితే ఆ వస్తువు ఎవరిని ఊహించుకొని పుట్టిందో తెలుస్తుంది. లిబ్రే 10 నుంచి 45 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది అని ఉంటుంది. రామగుండం, కొత్తగూడెం ఎండలు 45 దాటిన రోజులు మనకు తెలియనివా? ఒక మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాల దాకా ఫర్వాలేదు అని ఉంటుంది. స్నానానికి, కాసేపు ఈతకు సరిపోయే లెక్క. పొద్దంతా వంగి బురదలో చేతులాడించే మనిషికి, జబ్బల మీంచి చెమట కారుతుంటే, ఆ అతుకు ఎన్ని రోజులు నిలుస్తుంది? సెన్సర్ మీద ఒత్తుడు పడితే లేని లో షుగర్‌ను చూపిస్తుంది, అందుకని ఆ పక్కకు ఒరిగి పడుకోవద్దంటారు. మోత మోసేవాళ్ళ జబ్బలకు ఒత్తుడు పగలు కూడా ఉంటుంది. ధర సంగతి ఎక్కువ చెప్పనక్కర లేదు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 14 రోజులు వరుసగా పని దొరికితే 4,200. 14 రోజులు పనిచేసే ఒక్క సెన్సర్ ఖరీదు కూడా దాదాపు అంతే, ఒక్కోసారి ఎక్కువే.

ఇంత ఖరీదు కాబట్టే, చర్మం గుచ్చకుండా మామూలు వాచీతో, ఛాతీ పట్టీతో లో షుగర్‌ను కనిపెట్టాలని ఇప్పుడు పరిశోధనలు నడుస్తున్నాయి. ఇవి గ్లూకోజును నేరుగా కొలవవు. గుండె కొట్టుకునే తీరు, చర్మం చెమ్మ, వేడి, చేతి కదలిక కంప్యూటరుకు ఇచ్చి, ఏ పోకడ వెనక షుగర్ పడిపోయిందో దానికి నేర్పిస్తారు. పేద దేశాలకు ఇదే దారి అనే ఆశ కూడా వీటి చుట్టూ ఉంది. మన పేరు చెప్పి చేస్తున్న పని కాబట్టి మన విమర్శ ముఖ్యంగా దీని మీదనే. (ఉంగరంతో, వాచీతో షుగర్ అంకె చెపుతామని అమ్మే చవక వస్తువుల సంగతి వేరు. గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. వాటి జోలికి మేం పోవడం లేదు.)

ఈ రంగంలో అందరూ ప్రస్తావించే మూడు పనులు చూద్దాం. 2020లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుండె ఈసీజీ గీతను బట్టి లో షుగర్‌ను సుమారు 82 శాతం సరిగ్గా గుర్తించామని సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో రాశారు. పత్రికలన్నీ రాసుకున్నాయి. ఆ గీతలు ఎవరివి? కొద్దిమంది ఆరోగ్యవంతులైన వలంటీర్లవి. 2018లో వచ్చిన డీవన్‌నమో అనే డేటాలో 29 మంది ఉన్నారు, అందులో 20 మందికి అసలు షుగరే లేదు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు 9 మంది. అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఆరుగురివి, 2020లో ఇంకో ఆరుగురివి, మొత్తం 12 మంది ఎనిమిది వారాల లెక్కలు బయటపెట్టారు. ఆ 12 మందీ ఇన్సులిన్ పంపు పెట్టుకున్నవాళ్ళే. మాకు తెలిసిన ఎంటెక్ పిల్లలు హైదరాబాదులో కూర్చొని ఈ 12 మంది లెక్కలనే దించుకొని ప్రాజెక్టులు చేస్తున్నారు. వాళ్ళలో మన వాడల నుంచి పోయిన పిల్లలూ ఉన్నారు. తన తల్లి చేతిలో షుగర్ గోళీ ఉన్నది, తన కంప్యూటర్లో ఒహాయో మనిషి పంపు ఉన్నది. ఈ రెంటి మధ్య ఏ సంబంధమూ లేకుండానే ఆ పిల్లకు మార్కులు పడతాయి.

ఇంత తక్కువ మందితో చేశారని మేం ఎగతాళి చెయ్యడం లేదు. మొదటి పని చిన్నగానే ఉంటుంది. తమ పరిమితిని వాళ్ళే రాసుకున్నారు కూడా. ఒహాయో డేటాలో ఒక మంచి సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అందులో 'పని' అని ఒక గడి ఉంది. పనికి ఎప్పుడు పోయినరు, ఎప్పుడు వచ్చినరు, ఒళ్ళు ఎంత అలసింది అనేది 1 నుంచి 10 దాకా మనిషి తానే వేసుకోవాలి. ఆ గడి పెట్టాలని తోచినందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. మేం ఆ గడి చిన్నమ్మకు చదివి వినిపించినం. "పది మీదికి లేదా?" అని అడిగింది.

మా పేచీ భాషతో. ప్రయోగశాల బయట, రోజువారీ బతుకులో తీసుకున్న కొలతలను ఈ పరిశోధకులు 'ఫ్రీ లివింగ్' కొలతలు అంటారు. స్వేచ్ఛగా బతికే స్థితి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తినాలో తన చేతిలో ఉన్న మనిషి అన్నమాట. గుత్త పనిలో ఉన్న మనిషి, మేస్త్రి కింద ఉన్న మనిషి, ఇంకొకరి ఇంట్లో అంట్లు తోమే మనిషి ఏ లెక్కన ఫ్రీ లివింగ్? రెండో మాట ఇంకా పెద్దది. చేతి కదలిక వల్ల కొలత చెదిరితే దాన్ని 'మోషన్ ఆర్టిఫాక్ట్' అంటారు, 'నాయిస్' అంటారు. లెక్క కట్టే ముందు దాన్ని వడగట్టి పారేస్తారు, లేదా ఆ ముక్కను కత్తిరించి పక్కన పెడతారు. కూర్చున్న మనిషి గుండె చప్పుడు సంకేతం, పనిచేసే మనిషి చెయ్యి రొద. సాంకేతికంగా దీనికి కారణాలున్నాయని మాకు తెలుసు. చెయ్యి కదిలితే వాచీ కిందనుంచి వెలుతురు జొరబడుతుంది, గీత చెడుతుంది, నిజమే. గాని ఏ ఒళ్ళు పొద్దంతా కదులుతుంది, ఏ ఒళ్ళు కదలకుండా ఉంటుంది అనేది ఈ దేశంలో వేల ఏళ్ళ కిందనే పంచిపెట్టిన సంగతి. శ్రమను రొదగా కొట్టేసే లెక్క ఎవరిని కొట్టేస్తుందో వేరే చెప్పాలా?

ఇంకొంచెం లెక్కగా చూద్దాం. ఈ యంత్రం వెతికేది ఏమిటి? చెమట, దడ, వణుకు. జూన్ ఎండలో పత్తి గింజ పెట్టే మనిషికి ఈ మూడూ పొద్దంతా ఉంటాయి. పైన చెప్పిన 82 శాతాన్నే తీసుకుందాం. షుగర్ బాగున్న వేళల్లో బాగుందని నూటికి 82 సార్లు చెపితే, మిగిలిన 18 సార్లు ఉత్తుత్తిగా మోగుతుంది. పది నిమిషాలకొకసారి చూసే వాచీ అనుకుంటే ఎనిమిది గంటల పనిలో 48 సార్లు చూస్తుంది, ఏమీ కాకున్నా ఎనిమిది తొమ్మిది సార్లు మోగుతుంది. అదీ ఆరోగ్యవంతుల మీద వచ్చిన లెక్క ప్రకారం. చెమట, దడ నిండిన ఒంటి మీద ఎన్ని సార్లో చూసినవాళ్ళు చెప్పాలి. మోత వినబడ్డప్పుడల్లా పని ఆపితే కూలి పోతుంది. ఆపకపోతే నాలుగు రోజులకు ఆ మోతను పట్టించుకోవడం మానేస్తారు. నిజంగా పడిపోయిన రోజు కూడా అది అట్లాగే మోగుతుంది.

చర్మం రంగు విషయం ఒక మాట. వాచీలు ఆకుపచ్చ వెలుతురును చర్మంలోకి పంపి, తిరిగి వచ్చినదాన్ని బట్టి గుండె లెక్క కడతాయి. ఎక్కువ రంగు ఉన్న చర్మం ఆ వెలుతురును ఎక్కువ మింగుతుంది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కోవిడ్ కాలంలో మన ఊళ్ళకూ వచ్చింది. ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గినా ఆ యంత్రం పట్టుకోలేకపోవడం తెల్లవాళ్ళ కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ అని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు చూపించారు. దశాబ్దాలుగా ఆసుపత్రుల్లో వాడుతున్న యంత్రం అది. దళితులంటే నల్లగా ఉండేవాళ్ళు అనే పాత పాట మేం పాడడం లేదు, అన్ని కులాల్లో అన్ని రంగులూ ఉన్నాయి. ఎండలో బతికే చర్మం, నీడలో బతికే చర్మం అనే తేడా మాత్రం ఉంది. ఆ తేడాను కొలతలోకి తీసుకోకుండా యంత్రం అందరిదీ అని చెప్పలేం.

మీరు సైన్సుకు వ్యతిరేకమా, చక్కెర నోట్లో పోసే వదినెలు చాలంటారా అని అడిగితే, కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్‌కు స్వయంగా షుగర్ జబ్బు ఉండేది, చివరి ఏళ్ళలో ఆయనను కుంగదీసిన వాటిలో అది ఒకటి. 1948 ఏప్రిల్‌లో ఆయన పెళ్ళాడిన శారదా కబీర్ డాక్టరు. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారో విచారిస్తూ రాసిన పుస్తకంలో ఆయన గాంధీవాదపు యంత్ర వ్యతిరేకతను ఎండగట్టారు. గొడ్డు చాకిరి నుంచి మనిషికి తీరిక ఇచ్చేది యంత్రమే అని ఆయన వాదన. మేం ఆ దారివాళ్ళం. పక్క వరుస వదినె ప్రతి రోజూ పక్కన ఉండదు, రాత్రి అసలే ఉండదు. ఇంకో మాట, పెదనాయినను తాగుబోతు అన్న మాట నుంచి విడిపించింది ఏమిటి? మా మాట కాదు, మా ఏడుపు కాదు. వేలు గుచ్చి చూసిన అంకె. 38 అనే అంకె ముందర కులం చెప్పిన అర్థం నిలవలేదు. అంకెకు ఆ బలం ఉన్నది కాబట్టే అది ఎవరి ఒళ్ళు చూసి తయారైందో మేం అడుగుతున్నాం. ముట్టకుండా కొలిచే యంత్రం అన్నప్పుడు మాకు ఇంకో అనుమానం కూడా వస్తుంది. గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లలకు వైద్యం అందే తీరు మీద 2010లో వచ్చిన సంఘమిత్ర ఆచార్య అధ్యయనం, మందు చేతికి ఇచ్చే దగ్గర, ముట్టి చూసే దగ్గర వివక్షను నమోదు చేసింది. ముట్టవలసిన చేతికి యంత్రం ఒక సాకు కాకూడదు.

దళితుల ముంజేతికి వాచీ ఇప్పటికే వచ్చింది, ఇంకో పని మీద. చండీగఢ్, పంచకుల, నాగ్‌పూర్ వంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులకు జీపీఎస్ వాచీలు కట్టారు. చండీగఢ్‌లో 2020లో వాళ్ళు దాని మీద ఆందోళన చేశారు. ఆ వాచీ మనిషి ఎక్కడ నిలబడ్డడో చెపుతుంది, ఎంతసేపు ఆగిండో చెపుతుంది. ఎందుకు ఆగిండో చెప్పదు. కళ్ళు తిరిగి గోడకు ఆనుకున్న పెదనాయిన దాని లెక్కలో పని ఎగ్గొట్టినవాడు. రేపు అదే వాచీకి లో షుగర్ పసిగట్టే తెలివి వస్తుంది అనుకుందాం. ఆ కబురు ముందు ఎవరి ఫోనుకు పోతుంది? కార్మికుడి బిడ్డకా, కాంట్రాక్టరుకా? కాంట్రాక్టరుకు పోతే మరునాడు అతనికి పని ఉంటుందా?

చివరగా, ఈ పరిశోధనల్లో దాదాపు ఎక్కడా లేని ప్రశ్న ఒకటి. షుగర్ ఎందుకు పడిపోయింది? ఆ 9 మంది, ఆ 12 మంది టైప్ 1 వాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు. మన వాడల్లో ఎక్కువమందిది టైప్ 2, గోళీల మీద నడిచే బతుకు. ఆ గోళీల్లో గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ జాతివి, కడుపులో అన్నం ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను పిండుతాయి. గ్లిబెన్‌క్లమైడ్ 60 ఏళ్ళు దాటినవాళ్ళకు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలోనే రాసింది. గోళీకి వేళ ఉన్నది, సద్దికి వేళ లేదు. లో షుగర్ పుట్టేది ఈ సందులో. చిన్నమ్మ ఒంట్లో వెతికితే దాని ఫలితం దొరుకుతుంది గాని కారణం దొరకదు, కారణం గుత్త మాట్లాడుకున్న తీరులో ఉన్నది. షుగర్ పడితే 15 గ్రాముల చక్కెర తిని, 15 నిమిషాలు ఆగి, మళ్ళీ పరీక్ష చేసుకోమంటారు డాక్టర్లు. మంచి సలహా. ఆ 15 నిమిషాలు ఎవరి కూలి లోంచి పోతాయి? ఏ వాచీ అయినా చివరకు ఈ సలహా దగ్గరికే తీసుకొస్తుంది.

ఆకలికీ షుగర్‌కూ ఉన్న సంబంధం వైద్యశాస్త్రంలో ఎట్లా కనబడి, మాయమై, మళ్ళీ కనబడ్డదో కూడా గుర్తుంచుకోవాలి. పోషకాహార లోపంతో వచ్చే షుగర్‌ను 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడి రకంగా చూపింది. ఆధారాలు చాలవని 1999లో ఆ రకాన్ని తీసేసింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సభలో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దాన్ని టైప్ 5 అని మళ్ళీ గుర్తించింది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు, న్యూయార్కు పరిశోధకులు కలిసి చేసిన పని దీనికి ఆధారమైంది. బక్కపలచగా ఉండే ఈ రోగులకు మామూలు మోతాదు ఇన్సులిన్ ఇచ్చి, వేళకు తిండి లేకపోతే షుగర్ పడి ప్రాణానికే ముప్పు. 26 ఏళ్ళు పేరు లేని జబ్బుతో ఎంతమంది పోయారో లెక్క లేదు. పేరు లేనివాళ్ళ లెక్కలు ఏ డేటాలోనూ ఉండవు గదా.

చిన్నమ్మ సంగతి. నాట్ల ముచ్చట అయిన కొన్ని నెలలకు మేం ఆమెను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయినం. ఆమె గోళీల చీటీ చూడకముందే "సద్ది ఎన్నింటికి తింటవమ్మా?" అని అడిగింది. ఎనిమిదేళ్ళుగా షుగర్ గోళీలు మింగుతున్న మనిషిని ఆ మాట అడిగినవాళ్ళు అంతకు ముందు లేరు. చిన్నమ్మ వెంటనే చెప్పలేకపోయింది. "నాట్లప్పుడా, కలుపప్పుడా, పనిలేనప్పుడా?" అని తిరిగి అడిగింది. డాక్టరమ్మ మూడింటికీ వేరువేరుగా రాసుకొని గోళీ మార్చింది. పనికి పోయే రోజుల్లో దాన్ని సద్ది విప్పినంకనే వేసుకోమన్నది. ఇప్పుడు చిన్నమ్మ కొంగు ముడిలో చక్కెర పొట్లం ఉంటుంది, అది తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి. మా చేతి వాచీ చూసి ఒకసారి అడిగింది: ఇది కట్టుకుంటే గుత్త మేస్త్రి నన్ను తొమ్మిదింటికి తిననిస్తడా?